మణికట్టుకు ఏది మేలు: స్మార్ట్‌వాచా, మామూలు వాచీయా?

వాచీ కొనాలనుకునే వారు ఈ రోజుల్లో మొట్టమొదట తేల్చుకోవలసింది కంపెనీనో మోడల్‌నో కాదు. తమ చేతికి కావలసింది గడియారమా, గడియారం రూపంలో ఉన్న చిన్న కంప్యూటరా అన్నది. రెండూ ఒకే చోట కట్టుకునేవే, రెండూ వేళ చెప్పేవే కాబట్టి ఒకదాని బదులు మరొకటి కొనుక్కోవచ్చని అనుకుంటాం గాని, వాడుకలోకి దిగాక అవి మన నుంచి కోరేవి పూర్తిగా వేరు. మామూలు వాచీని కట్టుకున్నాక మరచిపోవచ్చు. స్మార్ట్‌వాచ్ తనను మరచిపోనివ్వదు, గుర్తు చేయడమే దాని పని కూడా. నాలుగేళ్లుగా రెండింటినీ మార్చి మార్చి వాడుతున్న వాణ్ణి కనుక నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్మార్ట్‌వాచ్ అందించే సమాచారంలో కనీసం ఒక్కదాన్ని బట్టి మీరు తరచుగా ఏదో ఒకటి చేసేవారైతే, అంటే నడక పెంచుకోవడమో, పరుగు వేగం సరిచూసుకోవడమో, మందు వేళకు వేసుకోవడమో చేసేవారైతే, అది కొనదగినది. అలాంటిదేదీ లేకపోతే వెలుతురుతో నడిచే క్వార్ట్జ్ వాచీని మించిన నిత్యవాడుక వాచీ నాకు ఇంతవరకు కనిపించలేదు.

మామూలు వాచీ అన్న మాట కింద నిజానికి రెండు వేర్వేరు యంత్రాలున్నాయి. ఒకటి చుట్టిన స్ప్రింగు బలంతో నడిచే మెకానికల్ వాచీ. దీనికి కీ ఇవ్వాలి; ఆటోమేటిక్ రకమైతే చేయి కదిలినప్పుడల్లా లోపల అర్ధచంద్రాకారపు బరువొకటి గిరగిరా తిరిగి స్ప్రింగును తనే చుట్టుతుంది. లోపలి బ్యాలెన్స్ చక్రం ఇప్పటి వాచీల్లో ఎక్కువగా గంటకు 21,600 లేదా 28,800 సార్లు, అంటే సెకనుకు 6 లేదా 8 సార్లు కొట్టుకుంటుంది. సెకన్ల ముల్లు జారుతున్నట్టు కనిపించడానికి కారణం అదే. రెండవది క్వార్ట్జ్. బటన్ సెల్ నుంచి అందే కొద్దిపాటి విద్యుత్తుతో, రెండు కొమ్ముల చీలిక ఆకారంలో కోసిన ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. వింతగా కనిపించే ఈ అంకె ఏరి కోరి పెట్టుకున్నదే. దాన్ని వరుసగా 15 సార్లు సగం చేస్తూ పోతే 1 మిగులుతుంది, ఆ ఒక్క స్పందనే సెకన్ల ముల్లును ఒక గీత ముందుకు నెడుతుంది. 1969 డిసెంబరు 25న సీకో సంస్థ ఆస్ట్రాన్ అనే పేరుతో తొలి క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టిన తరువాత, కచ్చితత్వం ధనవంతుల సొత్తుగా ఉండడం క్రమంగా ముగిసిపోయింది.

అందుకే కచ్చితత్వాన్ని బట్టి ఎంచుకోవలసిన అవసరం ఇప్పుడు దాదాపు లేదు. స్విట్జర్లాండ్‌లో కచ్చితత్వానికి ఇచ్చే క్రోనోమీటర్ ధ్రువపత్రం పొందే మెకానికల్ కదలిక (వాచీ లోపలి యంత్రం) సగటున రోజుకు 4 సెకన్లు వెనకబడడానికీ 6 సెకన్లు ముందుకు పోవడానికీ మధ్యలో ఉండాలి. సాధారణ క్వార్ట్జ్ వాచీ నెలకు 15 సెకన్ల వరకు అటూ ఇటూ అవుతుంది. స్మార్ట్‌వాచ్ ఫోన్ ద్వారా తనను తాను ఎప్పటికప్పుడు సరిదిద్దుకుంటుంది కాబట్టి తేడా సెకనులో ఒక వంతే. అంకెల్లో ఎంత వ్యత్యాసం ఉన్నా, రోజుకు 5 సెకన్లు తప్పే వాచీ వల్ల ఎవరికీ బండి తప్పదు. దేశాలు దాటి తరచుగా ప్రయాణించేవారికి మాత్రం విమానం దిగి ఫోన్ తెరవగానే వాచీ దానంతటదే అక్కడి వేళకు మారిపోవడం నిజమైన సుఖం.

వేళ చూడడంలో ఉన్న తేడా

కచ్చితత్వం కంటే నాకు ముఖ్యంగా తోచినది వేళ ఎంత సులువుగా కంటికి అందుతుందన్నది. రెండు చేతుల్లో సంచులతో మెట్లు దిగుతున్నప్పుడు మామూలు వాచీ చూడాలంటే కళ్లు కిందికి దించితే చాలు. ముంజేయి ఏ వాలులో ఉన్నా, డయల్‌లో సగమే కనిపించినా, ముళ్ల మధ్య ఎడాన్ని బట్టి వేళ తెలిసిపోతుంది. అదే స్థితిలో తెర ఆరిపోయిన స్మార్ట్‌వాచ్ ఒక నల్లని బిళ్ల. దాన్ని వెలిగించాలంటే మణికట్టును తిప్పి ముఖం వైపు ఎత్తాలి. సంచి బరువుకు ఆ కదలిక సరిగ్గా రాదు, తెర వెలగదు, చివరికి మోచేయి వంచి ముక్కు కొనతో తెరను తాకిన వాణ్ణి నేనొక్కణ్ణే కాననుకుంటాను. ఈ ఇబ్బందిని తీర్చడానికే ఎల్లప్పుడూ వెలిగి ఉండే తెర వచ్చింది, అయితే దాన్ని వాడుకుంటే బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది. ముంజేతి కంకణానికి అద్దమెందుకన్న సామెతలోని ఆ తేట మామూలు వాచీకి ఇప్పటికీ ఉంది.

ముళ్ల డయల్‌లో ఇంకొక సుగుణం కూడా ఉంది. పది గంటలకు ఎవరినో కలవాలి, ఇప్పుడు 9:38 అని అంకెల్లో చదివితే మనసులో ఒక తీసివేత చేయాలి. ముళ్లు చూస్తే ఆ 22 నిమిషాలు ఒక చీలికలా, ఇంకా మిగిలి ఉన్న జాగాలా కనబడతాయి. స్మార్ట్‌వాచ్ తెర మీద కూడా ముళ్ల డయల్ పెట్టుకోవచ్చు, నేను పెట్టుకున్నది అదే. కానీ దాని చుట్టూ ఉష్ణోగ్రత, అడుగుల లెక్క, బ్యాటరీ శాతం, రాబోయే సమావేశం పేర్చుకున్నాక వేళ కనిపించేది ఆఖరుకే. చీకట్లో మాత్రం స్మార్ట్‌వాచ్‌దే పైచేయి. మామూలు వాచీ ముళ్లకు పూసే మెరుపు పూత పగలు తాగిన వెలుతురునే రాత్రి వదులుతుంది కాబట్టి చొక్కా చేతుల కింద రోజంతా దాగిన వాచీ తెల్లవారుజామున ఏమీ చెప్పలేదు.

చార్జింగ్ అనే దినచర్య

స్మార్ట్‌వాచ్ కొని రెండు నెలలకే సొరుగులో పెట్టేసినవారిని అడిగితే మొదటి కారణంగా తరచుగా వినిపించేది చార్జింగ్. పెద్ద ప్రాసెసర్, వెలుగులు చిమ్మే తెర, నిత్యం పని చేసే సెన్సార్లు, ఫోన్‌తో ఆగని సంభాషణ, ఇవన్నీ నాణెమంత బ్యాటరీ మీద బతకాలి. ఆపిల్ తన మామూలు మోడళ్లకు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన అంకె 18 గంటలు. గూగుల్ వేర్ ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే వాచీలు ఎక్కువగా ఒకటి రెండు రోజులు వస్తాయి. క్రీడాకారుల కోసం గార్మిన్ వంటి సంస్థలు చేసేవి, తేలికైన సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి వారం నుంచి రెండు వారాలకు పైగా కూడా వస్తాయి. అందుకు బదులుగా వాటిలో యాప్‌లు తక్కువ, సందేశాలకు జవాబిచ్చే వీలు తక్కువ. బ్యాటరీ ఆయువు, తెలివితేటలు రెండూ నిండుగా ఉన్న వాచీ ఇప్పటికి రాలేదు, ప్రకటన ఏం చెప్పినా సరే.

ఎన్ని గంటలు వస్తుందన్నదాని కంటే ఎప్పుడు చార్జ్ చేస్తారన్నది పెద్ద ప్రశ్న. రాత్రి చార్జింగ్‌కు పెడితే నిద్ర లెక్క ఉండదు, తెల్లవారుజామున చడీచప్పుడు లేకుండా మణికట్టు మీద తట్టి లేపే అలారమూ ఉండదు. పగలు పెడితే ఆ గంటలో వేసిన అడుగులు లెక్కలోకి రావు. నాకు కుదిరిన మార్గం ఉదయం స్నానానికి వెళ్లినప్పుడు పెట్టి, బయలుదేరేటప్పుడు తీసుకోవడం. ఆ నలభై నిమిషాలు దినచర్యలో పాదుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఒకసారి ప్రయాణంలో చార్జర్ మరచిపోయాను. ఫోన్ చార్జర్ అయితే ఎవరినైనా అడగవచ్చు. వాచీ చార్జర్ ఒక్కో కంపెనీది ఒక్కో రకం, ఒకే కంపెనీలో పాత మోడల్‌ది కొత్తదానికి పట్టకపోవచ్చు. ఆరిపోయిన తెరను మూడు రోజుల పాటు చేతికి కట్టుకుని, వేళ ఎంతయిందని ఎవరైనా అడిగితే జేబులో నుంచి ఫోన్ తీసి చెప్పడం ఎంత నామోషీగా ఉంటుందో అనుభవిస్తే గాని తెలియదు.

క్వార్ట్జ్ వాచీకి ఈ బాధ లేదు. సెల్ మామూలుగా రెండు మూడేళ్లు వస్తుంది. 1989 నుంచి దాదాపు రూపం మారకుండా వస్తున్న కాసియో ఎఫ్-91డబ్ల్యూకు దాని తయారీదారు చెప్పే సెల్ ఆయువు 7 ఏళ్లు. పైగా చాలా క్వార్ట్జ్ వాచీలు చెప్పకుండా ఆగిపోవు. సెల్ అయిపోవస్తున్నప్పుడు సెకన్ల ముల్లు ఒక్కొక్క గీత కాకుండా రెండేసి సెకన్లు ఆగి, ఒకేసారి రెండు గీతలు దూకడం మొదలుపెడుతుంది. వాచీ పాడైందని కంగారుపడి కొందరు పక్కన పడేస్తారు గాని, వేళ అప్పటికీ సరిగ్గానే ఉంటుంది. కొత్త సెల్ వేయించుకోమని అది ఇచ్చే పిలుపు అది. ఆగిపోయిన వాచీలో పాత సెల్‌ను అలాగే వదిలేయడమే అసలు ప్రమాదం, ఎందుకంటే కారిన రసాయనం లోపలి భాగాలను తినేస్తుంది. సిటిజన్ ఎకో-డ్రైవ్ వంటి వెలుతురు వాచీల్లో ఈ సెల్ మార్పిడి కూడా లేదు. డయల్ వెనకనున్న సౌరఫలకం గది దీపం వెలుగును సైతం విద్యుత్తుగా మార్చి దాచుకుంటుంది, నిండుగా నిండితే చీకటి పెట్టెలో కూడా మామూలు మోడళ్లు నెలల తరబడి నడుస్తాయి.

మెకానికల్ వాచీ ఈ విషయంలో మధ్యస్థం. చేతి నుంచి తీసి పెడితే చాలా మోడళ్లు సుమారు 40 గంటలకు ఆగిపోతాయి, కొత్తవి కొన్ని 70, 80 గంటలు కూడా వస్తాయి. శుక్రవారం సాయంత్రం తీసి పెట్టిన వాచీకి సోమవారం ఉదయం కీ ఇచ్చి, వేళ పెట్టి, తేదీ మార్చాలి. తేదీ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వాచీ తన లెక్కలో రాత్రి 9కీ తెల్లవారుజామున 3కీ మధ్య ఉంటే తేదీ చక్రాన్ని తిప్పే పళ్లు అప్పటికే ఒకదానితో ఒకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి, చాలా మోడళ్లలో ఆ వేళ బలవంతంగా తేదీ మారిస్తే పన్ను విరగవచ్చు. ముందుగా ముళ్లను 6 గంటల దగ్గరికి తెచ్చుకుని, తేదీ మార్చి, ఆ తరువాత వేళ పెట్టుకోవడం క్షేమం. ఈ తతంగం కొందరికి ఇష్టమైన పని, కొందరికి విసుగు. మీరు ఏ కోవకు చెందుతారో కొనకముందే మీకు తెలిసి ఉంటుంది.

ఎన్నాళ్లు ఉంటుంది

లిథియం-అయాన్ బ్యాటరీ నింపిన ప్రతిసారీ తన సామర్థ్యంలో కొంచెం కోల్పోతుంది. రోజూ చార్జ్ చేసే వాచీ ఏడాదికి మూడు వందలకు పైగా విడతలు పూర్తి చేస్తుంది కనుక, కొన్నప్పుడు రాత్రి వరకు నిలిచినది మూడు నాలుగేళ్లకు సాయంత్రానికే అలసిపోవడంలో వింతేమీ లేదు. బ్యాటరీ మార్పించుకోవచ్చు గాని, తెరను జిగురుతో అతికించిన వాచీని విప్పి, మళ్లీ నీరు చొరబడకుండా మూయడం అందరికీ చేతనైన పని కాదు. అంతకంటే ముందే సాఫ్ట్‌వేర్ వృద్ధాప్యం వస్తుంది. 2015లో వచ్చిన తొలి ఆపిల్ వాచ్‌లో 18 క్యారెట్ల బంగారపు రకం కూడా ఉండేది. 2018లో వచ్చిన కొత్త వెర్షన్ సాఫ్ట్‌వేర్ ఆ తొలి తరానికి అందలేదు. బంగారం చెక్కుచెదరలేదు, వాచీ పాతబడింది. 2012లో ప్రజల చందాలతో పుట్టి ఎంతో ఆదరణ పొందిన పెబుల్ సంస్థ 2016 చివరలో మూతపడగా, దాని ఆన్‌లైన్ సేవలు 2018లో అధికారికంగా ఆగిపోయాయి. అందువల్ల స్మార్ట్‌వాచ్‌ను ఫోన్ లెక్కలోనే, నాలుగైదేళ్ల వస్తువుగా కొనుక్కోవాలి. తరతరాలకు మిగిలే వస్తువన్న ఊహతో ఖరీదైన లోహపు రకాన్ని తీసుకోవడం నా దృష్టిలో పొరపాటు.

అలాగని మెకానికల్ వాచీ ఖర్చు లేకుండా శాశ్వతంగా ఉంటుందన్న మాటనూ నమ్మవలసిన పని లేదు. లోపలి నూనెలు ఎండిపోతాయి, నీటిని ఆపే రబ్బరు వలయాలు గట్టిపడతాయి. మోడల్‌ను బట్టి, వాడకాన్ని బట్టి 5 నుంచి 10 ఏళ్లకు ఒకసారి పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించాలి. ఒక మోస్తరు ధర వాచీకి ఆ సర్వీసు ఖర్చు వాచీ విలువకు దగ్గరగా రావచ్చు. ఈ సంగతి అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు. ఖర్చును, ఆయువును కలిపి లెక్కవేస్తే గెలిచేది మళ్లీ క్వార్ట్జ్ వాచీనే. లోపలి కదలిక పూర్తిగా పాడైనా, చాలా సాధారణ వాచీల్లో ఆ కదలికను మొత్తంగా తీసి కొత్తది పెట్టేయవచ్చు.

ఆరోగ్యం పేరుతో అమ్మేది

స్మార్ట్‌వాచ్ కొనడానికి ఉన్న అసలు కారణం ఇది కనుక, ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. వాచీ అడుగున మిణుకుమనే పచ్చ దీపం చర్మంలోకి వెలుగు పంపుతుంది. రక్తం పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడు మణికట్టులో రక్తం పెరిగి తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది, రెండు స్పందనల మధ్య పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టడమే గుండె వేగం కొలవడం. కాబట్టి పట్టీ వదులై వెలుగు పక్కకు పోయినా, చలికి చేతి రక్తనాళాలు ముడుచుకున్నా, సెన్సార్ కింద ముదురు పచ్చబొట్టు ఉన్నా అంకె తప్పుతుంది. బరువులెత్తేటప్పుడు పిడికిలి బిగుసుకుంటే కూడా అంతే. పరుగెత్తేటప్పుడు కొన్నిసార్లు వాచీ చేయి ఊగే లయనే గుండె లయగా పొరబడి, నిమిషానికి 170 అని ధీమాగా చూపిస్తుంది. విశ్రాంతిగా కూర్చున్నప్పటి గుండె వేగం మాత్రం నమ్మదగినది, నెలల తరబడి అది ఎటు పోతోందన్నది ఇంకా నమ్మదగినది.

కేలరీల లెక్క విషయంలో ఇంత ధైర్యంగా చెప్పలేను. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఏడు మణికట్టు పరికరాలను పరీక్షించినప్పుడు, వాటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో కొలవగలిగాయి. ఖర్చయిన శక్తిని లెక్కించడంలో మాత్రం అన్నింటిలోకీ మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. వాచీ 400 కేలరీలు ఖర్చయ్యాయంది కదా అని దానికి సరిపడా తినడం మొదలుపెట్టినవారికి బరువు ఎందుకు తగ్గడం లేదో దీనితో అర్థమవుతుంది. రోజుకు 10,000 అడుగులన్న లక్ష్యానిదీ అలాంటి కథే. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరుకు పదివేల అడుగుల మీటరు అని అర్థం వచ్చేలా మాన్పో-కేయ్ అనే పేరు పెట్టారు. ఆ అంకె వైద్యుల చీటీ నుంచి కాక ఆ డబ్బా మీది పేరు నుంచి మన మణికట్టు దాకా వచ్చింది. నడవడం మంచిదే, 9,600 దగ్గర ఆగిన రాత్రి హాల్లో గుండ్రంగా తిరగవలసిన పని మాత్రం లేదు.

నిజంగా ప్రాణానికి పనికొచ్చే సదుపాయాలూ ఉన్నాయి. లయ తప్పిన నాడిని గుర్తించడం వాటిలో ఒకటి. 2019లో ఫలితాలు వెలువడిన ఆపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది పాల్గొనగా, 2,161 మందికి, అంటే సగం శాతానికి కొంచెం పైగా మాత్రమే, నాడి లయ తప్పిందన్న హెచ్చరిక వచ్చింది. వారిలో ఛాతీ మీద ఇసిజి పట్టీ పెట్టుకుని తిరిగి పంపినవారిని పరిశీలిస్తే 34 శాతం మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు, బయటపడింది. అది వచ్చి పోయే జబ్బు కాబట్టి పట్టీ పెట్టుకున్న రోజుల్లో కనబడనంత మాత్రాన మిగతా హెచ్చరికలన్నీ తప్పని అర్థం కాదు. ఈ అంకెలు రెండు వైపులా చదవదగినవి: హెచ్చరిక వస్తే వైద్యుణ్ణి కలవాలి, హెచ్చరికే రోగనిర్ధారణ అనుకోకూడదు. వాచీ తీసే ఇసిజి ఒకే కోణం నుంచి తీసేది. ఆసుపత్రిలో తీసేది పన్నెండు కోణాలది. గుండెపోటును వాచీ కనిపెట్టలేదు. ఛాతీ బరువెక్కుతున్నప్పుడు వాచీ అంతా సవ్యంగా ఉందని చూపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర చెబుతామనే వాచీలను, ఉంగరాలను అసలు కొనవద్దు. అలా సొంతంగా చక్కెరను కొలిచే వాచీని గాని ఉంగరాన్ని గాని తాము దేనినీ అనుమతించలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డిఎ 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా హెచ్చరించింది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణాపాయం.

పడిపోతే గుర్తించే సదుపాయం ఒంటరిగా ఉండే వృద్ధులకు నేను నిస్సంకోచంగా సిఫారసు చేసేది. గట్టిగా పడి, ఆ తరువాత కదలకపోతే వాచీ తానే సహాయానికి ఫోన్ చేస్తుంది. అయితే ఫోన్ దగ్గర్లో ఉండాలి, లేదా వాచీలోనే సిమ్ సదుపాయం ఉండాలి. అన్నిటికంటే ముందు వాచీ చేతికి ఉండాలి. తల్లిదండ్రులకు స్మార్ట్‌వాచ్ బహుమతిగా ఇచ్చేవారు దాన్ని రోజూ చార్జ్ చేయించే మనిషి ఎవరో ముందే తేల్చుకోకపోతే ఆ వాచీ బల్ల మీద కూర్చుని బల్ల క్షేమ సమాచారాలే పంపుతుంది. ఎక్కువ రోజులు నిలిచే రకాన్ని, పెద్ద అక్షరాల తెరను ఎంచుకుని, అవసరం లేనివన్నీ మీరే ఆపివేసి ఇవ్వడం మంచిది.

నిద్ర సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎన్ని గంటలు పడుకున్నారన్నది వాచీ బాగానే చెబుతుంది, అందులో గాఢనిద్ర ఎంత, కలల నిద్ర ఎంత అన్నది అంచనా మాత్రమే. నిద్ర స్కోరు మీద బెంగతో నిద్ర చెడగొట్టుకునేవారు వైద్యుల దగ్గరకు రావడం మొదలయ్యాక, 2017లో కొందరు పరిశోధకులు ఆ ధోరణికి ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. లేవగానే ఒళ్లు తేలిగ్గా ఉందా అని కాక వాచీ ఏమందని చూసుకునే అలవాటు మీలో కనిపిస్తే రాత్రిపూట దాన్ని తీసి పెట్టడమే మందు.

సందేశాలు, నీరు, అద్దం, గోప్యత

కొత్త స్మార్ట్‌వాచ్ పెట్టెలో నుంచి తీసిన రోజున ఫోన్‌కు వచ్చే ప్రతి సందేశాన్నీ మణికట్టు మీద వణికిస్తుంది. తూనీగలా గంటకు ఇరవై సార్లు వాలే ఆ వణుకుతో విసిగి వాచీనే వదిలేసేవారున్నారు. కాల్స్, ఇంట్లోవారి సందేశాలు, క్యాలెండర్ తప్ప అన్నీ ఆపేయండి. అప్పుడు వాచీ నిజంగా ఫోన్ తీసే అవసరాన్ని తగ్గిస్తుంది. వినికిడి తక్కువగా ఉన్నవారికి, పక్కవారి నిద్ర చెడకుండా లేవవలసినవారికి ఈ వణుకే గొప్ప సాయం. మరో వైపు, ఎదుటివారు మాట్లాడుతుండగా మణికట్టు వైపు చూడడాన్ని వారు మీకు ఆలస్యమవుతోందన్న సూచనగానే తీసుకుంటారు, మీరు చూసింది సందేశమైనా సరే.

నీటి విషయంలో డయల్ మీద రాసి ఉన్న 30 మీటర్లు అన్న మాటను ఈత లోతుగా భావించకూడదు. అది ప్రయోగశాలలో నిశ్చలంగా పెట్టిన ఒత్తిడి లెక్క. వాడుకలో దాని అర్థం చేతులు కడుక్కున్నప్పుడు చిందే నీటికి పరవాలేదని. ఈతకు కనీసం 50, నిశ్చింత కావాలంటే 100 మీటర్లు ఉన్నది తీసుకోవాలి. వేడి నీళ్లు, సబ్బు రెండు రకాల వాచీలకూ రబ్బరు వలయాలను త్వరగా పాడుచేస్తాయి. అద్దానికి వస్తే, మోస్ కాఠిన్య కొలబద్దపై సఫైర్ అనే నీలపు స్ఫటికం 9, ఇసుకలోని క్వార్ట్జ్ 7, మామూలు మినరల్ అద్దం అంతకంటే తక్కువ. అంటే ఇసుక రేణువులు మినరల్ అద్దాన్ని గీస్తాయి, నీలపు స్ఫటికాన్ని గీయలేవు. అయితే గట్టి దెబ్బకు పగిలే గుణం ఆ స్ఫటికానికే ఎక్కువ. మెకానికల్ వాచీకి ఉన్న ప్రత్యేక శత్రువు అయస్కాంతం. అయస్కాంతపు మూత ఉన్న ఫోన్ కవరు పక్కనో, స్మార్ట్‌వాచ్ చార్జర్ బిళ్ల మీదో రాత్రంతా పెడితే బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెత్తవచ్చు. భయపడవలసింది లేదు, అయస్కాంతత్వం తీసే చిన్న పరికరంతో బాగుచేసేవారు కాసేపట్లో సరిచేస్తారు.

స్మార్ట్‌వాచ్ సేకరించే వివరాలు వాచీలోనే ఉండిపోవు. స్ట్రావా యాప్ విడుదల చేసిన వ్యాయామ మార్గాల ప్రపంచ పటంలో కొన్ని సైనిక స్థావరాల ఆనవాళ్లు సైతం వెలుగు గీతల్లా కనబడుతున్నాయని 2018 జనవరిలో బయటపడింది. రోజూ ఒకే చోట మొదలై ఒకే చోట ముగిసే మీ నడక మీ ఇల్లెక్కడో చెప్పేస్తుంది కాబట్టి, మార్గాలను అందరికీ చూపే అమరికను ఆపివేయడం మొదటి రోజే చేయవలసిన పని.

ఎవరికి ఏది

మొదట ఫోన్‌ను చూసుకోండి. ఆపిల్ వాచ్ ఐఫోన్‌తో మాత్రమే పూర్తిగా పని చేస్తుంది. శామ్‌సంగ్, గూగుల్ వారి ఇటీవలి వాచీలు ఆండ్రాయిడ్ ఫోన్లతోనే పని చేస్తాయి. వచ్చే ఏడాది ఫోన్ మార్చే ఆలోచన ఉంటే వాచీ కూడా మార్చవలసి రావచ్చు.

క్రమం తప్పకుండా పరుగెత్తేవారికి, సైకిలు తొక్కేవారికి, ఈదేవారికి వారం రోజులు నిలిచే క్రీడా వాచీ సరైనది. వారు దాని అంకెలను బట్టి రేపటి సాధన మార్చుకుంటారు. గుండె లయ సమస్య ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి, ఇసిజి అనుమతి ఉన్న మోడల్ తీసుకోవచ్చు. పరీక్షలు రాసే విద్యార్థులకు మామూలు వాచీ మంచిది, ఎందుకంటే చాలా పరీక్షా మందిరాలు స్మార్ట్‌వాచ్‌ను రానివ్వవు. కొన్నిచోట్ల ఏ వాచీనీ రానివ్వరు, నిబంధన ముందే చదువుకోవాలి. దుమ్ములో, గ్రీజులో, సుత్తి దెబ్బల మధ్య పని చేసేవారికి వెలుతురుతో నడిచే, రబ్బరు పట్టీ ఉన్న గట్టి క్వార్ట్జ్ వాచీ ఒకటి చాలు. యంత్రాన్ని యంత్రంగా ప్రేమించేవారికి మెకానికల్ వాచీ గురించి నేను చెప్పవలసిందేమీ లేదు, వారు ఇప్పటికే మనసులో ఒకటి కొనేసి ఉంటారు.

రెండింటి మధ్య ఊగిసలాడేవారికి నిజమైన ముళ్లుండి, లోపల అడుగులు, గుండె వేగం కొలిచే హైబ్రిడ్ వాచీలు ఒక దారి. వాటిలో కొన్ని మూడు నాలుగు వారాల దాకా వస్తాయి. వాటి చిన్న తెర మీద సందేశం చదవడం గోడ సందులో నుంచి వీధి చూసినట్టు ఉంటుంది గాని, చదవడమే వద్దనుకునేవారికి అదొక సుఖమే. ఇంకొక దారి నేను చివరికి స్థిరపడినది: పగలు క్వార్ట్జ్ వాచీ, వ్యాయామానికి స్మార్ట్‌వాచ్. అడుగుల లెక్క అసంపూర్ణంగా ఉంటుందన్న బెంగ నన్ను నెల రోజుల్లో వదిలిపోయింది.

ఏది ఎంచుకున్నా, కొనే ముందు చేతికి కట్టి చూడండి. డయల్ వ్యాసం కంటే పట్టీ తగిలించే పై కొమ్ము నుంచి కింది కొమ్ము వరకు ఉన్న పొడవు ముఖ్యం. అది మణికట్టు వెడల్పు దాటి బయటికి పొడుచుకొస్తే ఆ వాచీ మీది కాదు. సన్నని చేతులవారు స్మార్ట్‌వాచ్ మందాన్ని కూడా చొక్కా చేతుల కింద తోసి చూడాలి. ఇంటికి తెచ్చుకున్నాక మామూలు వాచీని పట్టీ కింద చిటికెన వేలు దూరేంత వదులుగా కట్టుకుంటే చాలు. స్మార్ట్‌వాచ్‌ను వ్యాయామం చేసేటప్పుడు మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, జారకుండా బిగించాలి, పని అయ్యాక ఒక రంధ్రం వదులు చేయాలి, చెమటతో తడిసిన చర్మాన్ని, పట్టీని తుడిచి ఆరనివ్వాలి. లేకపోతే మొదటి వేసవికే పచ్చ దీపం కింద ఎర్రని దద్దురు కనిపిస్తుంది.